ముందు పోవలసిన కబురు

అనసూర్య నాలుగు మడతల కాగితం విప్పి స్తుతి ముందు బల్ల మీద పెట్టింది. చదవమని అనలేదు. కుర్చీలో సర్దుకుని మళ్లీ ఎదురుగా ఉన్న తెర వైపు తిరిగింది. షిఫ్టులో ఉన్నంతసేపూ ఆమె చూపు ఆ తెర మీద నుంచి కదలకూడదు.

బాయి అని అందరూ పిలిచే ఎర్రగుంట ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో తూర్పు గోడకు ఎదురుగా, చక్రాల బండి మీద ఒక రాడార్ ఉంటుంది. అంతెత్తు మట్టిగోడ ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో అది ఆగకుండా కొలుస్తుంది. కదలిక హద్దు దాటిందంటే ఆ కబురు గాలిలో రేడియోల మీదుగా కంట్రోల్ రూముకు వస్తుంది. తెర ఎర్రబడుతుంది, గంట మోగుతుంది. ఆ క్షణమే అనసూర్య సైరన్ మీట నొక్కాలి. గోడ కింద పనిచేసే సుమారు నలభై మంది ఆ సైరన్ వింటేనే పక్కకు జరుగుతారు.

స్తుతి ఒక చేతిలో కేబుల్ కొన, ఇంకో చేతిలో పట్టుకారుతో వంగి కాగితం చదివింది. అది మెమో. పదిహేడో తేదీ ఉదయం రాడార్ హెచ్చరిక ఇచ్చాక నిమిషం నలభై సెకన్లు ఆలస్యంగా సైరన్ మోగించారని, ఆ నిర్లక్ష్యం వల్ల డంపర్ ఆపరేటర్ రాకేశ్ కాలు విరిగిందని, ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో ఎంక్వయిరీలో చెప్పుకోవాలని అందులో ఉంది.

"నేను ఆలస్యం చెయ్యలే స్తుతీ," అంది అనసూర్య తెర మీద నుంచి చూపు తిప్పకుండానే. "ఎర్రగైంది, నొక్కిన. నడుమ గుక్క గూడ తిప్పుకోలే."

"రాడార్ల టైము ఎంతున్నదట అక్కా?"

"పదకొండు నలభై రెండు, పది సెకన్లు. సైరన్ మోగింది నలభై మూడు, యాభైకి. గా నడుమ నేను ఫోన్ జూసుకుంట కూసున్ననట. ఫోను గేటుకాడ పెట్టి వస్త నేను. గా మాట ఎవ్వలు ఇంటలేరు."

కేబుల్ కొనకు పిన్ను బిగించబోయిన స్తుతి చెయ్యి అక్కడే ఆగింది.

ఆమె ఈ గని ఉద్యోగి కాదు. రేడియోల పని చూసే ఏజెన్సీ తరఫున రోజూ వస్తుంది. గని చుట్టూ మాస్టులనే ఏడు పొడవాటి ఇనుప స్తంభాలు, ఒక్కో మాస్టు కొనకు ఒక రేడియో. వాటిని ఎక్కడం, దిగడం, దుమ్ము తుడవడం, తీగలు మార్చడం ఆమె పని. రాడార్ మాట ఈ గదికి రావాలంటే ఆ ఏడింటిలో మూడింటిని దాటుకుని రావాలి. పోయిన నెల అవే మాస్టులకు ఎనిమిది కొత్త కెమెరాలు బిగించింది కూడా ఆమే. కెమెరాల బొమ్మలు కూడా ఆ రేడియోల మీదుగానే పోతాయి.

పిన్ను వంకరగా పడింది. కొన కత్తిరించి మళ్లీ మొదలుపెట్టింది.

మధ్యాహ్నం మాస్టు నీడలో కూర్చుని లాప్‌టాప్‌లో పదిహేడో తేదీ లెక్క తీసింది. ఏ రేడియో ఎంత బరువు మోసిందో అందులో నిమిషనిమిషానికీ గీత గీసి ఉంటుంది. మూడో నంబరు మాస్టు దగ్గర పదకొండున్నర నుంచి పన్నెండింటి దాకా ఆ గీత పైకప్పుకు తగిలి కదలకుండా ఉంది. ఇక చీమ కూడా పట్టనంత నిండిపోయింది.

ఏజెన్సీ సూపర్‌వైజర్ ఓంప్రకాశ్ జీపు దిగి వచ్చాడు. స్తుతి తెర చూపించి చెప్పబోయింది. అతను సగంలోనే లాప్‌టాప్ మూత మెల్లగా దించేశాడు.

"కెమెరాలు ఎవలు బిగించిండ్రు?"

"నేనే సార్."

"మరి? నెట్‌వర్క్‌ల తప్పున్నదంటే ముందు ఎవల మెడకు పడ్తది? నీ మెడకు. ఎనుక నాకు. ఆఖరుకు కాంట్రాక్టే పోతది. నీతోని పనిజేసే పదకొండు మంది ఇంట్ల కూసుంటరు." కోపంగా కాదు, బతిమాలుతున్నట్టే అన్నాడు. "గామెను యూనియన్ జూసుకుంటది. నువ్వు జర నిమ్మలంగుండు బిడ్డా."

సాయంత్రం స్తుతి ఇంటికి పోయే దారిలో ఏరియా దవాఖాన దగ్గర ఆటో దిగింది. రాకేశ్ కాలు కట్టుతో తాడుకు వేలాడుతోంది. ఇరవై నాలుగేళ్లవాడు, మంచం మీద కదలలేక విసుగ్గా ఉన్నాడు. అడగకుండానే చెప్పాడు.

"సైరన్ ఇనవడంగనే రివర్స్ ఏసిన అక్కా. బండి రెండు గజాలు ఎనుకకు పోయింది, అంతల్నే గోడ మట్టి మీద వడ్డది. జర ముందుగాల మోగితే బయటవడుదును. అయినా గీ తప్పు అనసూర్యక్కది అంటే నేను నమ్మ. బాయిల ఒక్క రాయి జారినా గామె మైకుల అరుస్తది. ఆరేండ్లసంది ఇంటున్న గా గొంతు."

ఇంట్లో తల్లి రిబ్కమ్మ అన్నం పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. పంటకు, వానకు, చొప్పదండిలో ఉన్న తన తమ్ముడి కుటుంబానికి. తర్వాత, "కష్టంల ఉన్న అనసూర్యను ఇడిపించు ప్రభువా," అంది. పొద్దున బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నదట.

తల్లి ఆమెన్ అని కళ్లు తెరిచింది. స్తుతి అనలేదు. కంచంలో అన్నం కలుపుతూ ఉండిపోయింది.

"ఏమైందే?"

"గా కబురు ఆలస్యం జేసింది అనసూర్యక్క కాదవ్వా. నేను పెట్టిన కెమెరాలు."

రిబ్కమ్మ కూతురి చేతి వైపు చూసింది. మాస్టులు ఎక్కి ఎక్కి ఆ అరచేయి కాయలు కాసింది.

"నువ్వు కావాలని పెట్టినవా?"

"పెట్టుమన్నరు, పెట్టిన. గంత బరువైతదని నాకు తట్టలే."

"గదే చెప్పు పోయి. తట్టలేదని చెప్పుడు తప్పుగాదు. ఎరుకైనంక నోరు మూసుకునుడే తప్పు." కంచం దగ్గరకు జరిపింది. "తిను ముందుగాల."

మరునాడు సేఫ్టీ ఆఫీసర్ రాంచందర్ గది ముందు స్తుతి గంటన్నర నిలబడింది. ఎంక్వయిరీ ఆయన చేతిలోనే ఉంది. తక్కువ మాట్లాడతాడని, మొహమాటం లేని మనిషని పేరు. స్తుతి చెప్పింది మొత్తం విని, "రెండు గడియారాలు వేరువేరు ఉండొచ్చు. నీ గీతలు నాకు తెల్వయి. కండ్ల ముందు చూపెట్టు," అన్నాడు.

మూడు గంటలకు అందరూ కంట్రోల్ రూములో చేరారు. తూర్పు గోడ పని చూసే ఓవర్‌మన్ గట్టయ్య రాడార్ బండి దగ్గర నిలబడి వాకీటాకీ పట్టుకున్నాడు. రాడార్‌కు పరీక్ష కోసం ఒక బొత్తాం ఉంటుంది. అది నొక్కితే హెచ్చరిక పోయినట్టే పోతుంది. వాకీటాకీ మాట వేరే దారిన వస్తుంది కాబట్టి, ఆయన నొక్కిన క్షణం ఇక్కడ వెంటనే తెలుస్తుంది. గడియారాల పేచీ ఉండదు.

"నొక్కిన," అంది వాకీటాకీ.

ఒకటి, రెండు. తెర ఎర్రబడి గంట మోగింది.

"రెండు సెకన్లు," అన్నాడు రాంచందర్. ఇంకోసారి చేయించాడు. మళ్లీ రెండు. ఆయన స్తుతి వైపు చూసి, చేతి గడియారం చూసుకుని వెళ్లిపోయాడు. ఓంప్రకాశ్ తల అడ్డంగా ఊపి ఆయన వెంటే నడిచాడు.

కెమెరాలే దారిని నింపుతుంటే కబురు రెండు సెకన్లలో ఎలా వచ్చింది? స్తుతి గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది. అనసూర్య వెనక్కి చెయ్యి చాచి నీళ్ల సీసా అందించింది.

కాసేపటికి స్తుతి అడిగింది. "అక్కా, గా దినం బాయిల ఏమన్న కొత్తగ జరిగిందా?"

"ఏమున్నది? హైదరాబాదుకెల్లి పెద్దసార్లు వచ్చిండ్రు. బాయిల దిగలే. ఆఫీసుల గోడంత టీవీ ఉన్నది గద, గండ్లనే అంత జూసిండ్రట. చాయ్‌లు మోసి మోసి అటెండర్ పరేషాన్ అయిండు."

స్తుతి లేచి నిలబడింది. "ఎనిమిది కెమెరాలు ఒక్కసారే జూసిండ్రా?"

"నాకేమెరుక?"

అటెండరుకు తెలుసు. టీవీలో ఎనిమిది గళ్లుగా బొమ్మలు వచ్చాయని, డంపర్ మీద నంబరు కూడా కనబడిందని, పదకొండున్నరకు పెట్టి పన్నెండింటి దాకా ఉంచారని చెప్పాడు. ఎవరూ చూడనప్పుడు కెమెరాలు సన్నటి బొమ్మ పంపుతాయి. పెద్ద టీవీలో తెరిస్తే ఒక్కొక్కటీ నిండు బొమ్మ పంపడం మొదలుపెడుతుంది. మధ్యాహ్నం మూడింటికి ఆ టీవీ ఆపేసి ఉంది. అందుకే దారి చాలావరకు ఖాళీగా ఉంది, సన్నటి బొమ్మల వెనుక రెండు సెకన్లు మాత్రమే ఆగి కబురు వచ్చేసింది.

ఎంక్వయిరీ మరునాడు పదకొండింటికి. రాంచందర్ పక్కన మరో ఇద్దరు ఆఫీసర్లు, ఎదురుగా అనసూర్య. తెల్లటి చీర ఇస్త్రీ చేసి కట్టుకుంది. కొండగట్టు నుంచి తెచ్చుకున్న సిందూరం నుదుట చిన్నగా ఉంది. ఆమె కుర్చీలో ఆ పూటకు వేరే ఆపరేటర్‌ను కూర్చోబెట్టారు. సాక్షులెవరని అడిగినప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ స్తుతి ముందుకు వచ్చింది. ఓంప్రకాశ్ దగ్గాడు. ఆమె అటు చూడలేదు.

"సార్, నిన్న నేను చూపెట్టిన తీరు తప్పు. ఇయ్యాల ఇంకోపారి జూడుండ్రి. గా దినం టీవీల ఏమేం తెరిచిండ్రో గవన్ని తెరువాలె. అప్పుడు నొక్కియ్యాలె."

"నిన్న రెండుసార్లు జూసినం గదా?" అన్నాడు ఒక ఆఫీసరు.

రాంచందర్ కొంచెం ఆలోచించాడు. "ఇంకోపారి జూస్తే పోయేదేమున్నది?" అని లేచాడు.

ఆఫీసులో పెద్ద టీవీ వెలిగింది. ఎనిమిది గళ్లలో గని అంతా పరుచుకుంది. బొగ్గు దారి మీద డంపర్లు, నల్లటి నీటిగుంట, షవెల్ యంత్రం తొండం. పక్కనే ఉన్న కంట్రోల్ రూములో అందరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. రాంచందర్ తన చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు.

"గట్టయ్యా, నొక్కు."

"నొక్కిన సార్."

తెర పచ్చగా ఉంది.

ఐదు సెకన్లు, పది. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇరవై. తెర పచ్చగానే ఉంది. రాంచందర్ వంగి గడియారం మీదకు చూపు దించాడు. ముప్పై దాటాక ఓంప్రకాశ్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. వాకీటాకీలో గట్టయ్య, "అచ్చిందా సార్? నేనైతే నొక్కిన," అన్నాడు. నలభై. యాభై. అనసూర్య కళ్లు తెర మీద ఉన్నాయి. రెండు చేతులూ కొంగును మెలిపెట్టి పట్టుకున్నాయి. నిమిషం గడిచింది. పచ్చగానే ఉంది. ఆ గదిలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ, తూర్పు గోడ కింద పనిచేసే మనిషికి ఆ నిమిషం ఎంత పొడుగో అప్పుడు తెలిసింది.

తొంభై మూడో సెకనుకు తెర ఎర్రబడింది. గంట ఒక్కసారిగా మోగేసరికి ఆఫీసరు ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు.

అనసూర్య మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆమె భుజాలు రెండుసార్లు అదిరి, సర్దుకున్నాయి.

"కెమెరాలు పెట్టింది నేనే సార్," అంది స్తుతి. మాటలు ఒక్కొక్కటే పలికింది. "ఒక్కొక్క రేడియోల నాలుగు లైన్లుంటయి. ముందు పోవలసినదానికి ఒకటి, ఆగినా నడిచేదానికి ఒకటి, గట్ల. ఎవలు ఏ లైన్ల నిలబడాలో మనమే చెప్పాలె. నేను ఎవలకూ చెప్పలే. అందుకని టీవీ బొమ్మలు, ఆఫీసు ఫైళ్లు, రాడార్ కబురు అన్ని ఒక్క లైన్ల వడ్డయి. దవాఖాన్ల ఓపీ లైన్ల గుండెనొప్పి మనిషిని ఆఖరుకు నిలబెట్టినట్టు. చెప్పుమని నాకెవలూ అనలే, నాకూ తట్టలే. తప్పు నాది. అనసూర్యక్కది కాదు."

"కెమెరాలు పీకేస్తే సరిపాయె," అన్నాడు రెండో ఆఫీసరు.

"అక్కర్లే సార్. కెమెరాలు ఉండని. రాడార్ కబురుకు ఒక గుర్తు కడ్త. గా గుర్తు చూస్తే ఏ రేడియో అయినా మిగిలినయన్ని పక్కకు నిలబెట్టి ముందుగాల దాన్ని పంపుతది. టీవీల బొమ్మ రెప్పపాటు ఆగితే ఎవలకు ఏం గాదు."

"ఎంతసేపు వడ్తది?" అన్నాడు రాంచందర్.

"మూడు మాస్టులు, రాడార్ బండి, గీ గది. గంట."

"పైసలు?"

"ఏం లేదు సార్. ఉన్న రేడియోలల్లనే ఉన్నది గా పని. మనం వాడుకోలే."

రాంచందర్ ఓంప్రకాశ్ వైపు తిరిగాడు. "మీ పోరి ఎక్కనిస్తరా?"

ఓంప్రకాశ్ రుమాలు జేబులో కుక్కుకున్నాడు. "నేను కూడ పోత సార్. లాప్‌టాప్ పట్టుకుంట," అన్నాడు.

గంట అనుకున్నది గంటన్నర పట్టింది. కొత్త గుర్తు ఎక్కించాక మొదటి మాస్టు రేడియో ఆగిపోయి, మళ్లీ మొదలు కావడానికి మొండికేసింది. స్తుతి నడుముకు బెల్టు కట్టుకుని పైకెక్కి, గాలికి ఊగుతూ, రేడియో మూత తీసి తీగ పీకి మళ్లీ పెట్టింది. కింద ఓంప్రకాశ్ గొడుగు లాప్‌టాప్ మీద పట్టి తను ఎండలో నిలబడ్డాడు. మధ్యాహ్నం భోజనం మాట ఎవరూ ఎత్తలేదు.

అందరూ మళ్లీ గదిలో చేరారు. టీవీలో ఎనిమిది గళ్లూ నిండుగా నడుస్తున్నాయి. రాంచందర్ ఆపరేటర్‌ను లేవమని సైగ చేసి, "అనసూర్యా, నువ్వే కూసో," అన్నాడు. ఆమె తన కుర్చీలో కూర్చుంది.

"గట్టయ్యా, కానియ్యి."

"నొక్—"

ఆయన మాట పూర్తికాలేదు. తెర ఎర్రబడి గంట గణగణమంది.

తర్వాత రాంచందర్ నవ్వాడు. ఆ మనిషి నవ్వగా ఎవరూ చూసి ఉండరు. "మల్ల," అన్నాడు. మళ్లీ నొక్కించాడు. పదిసార్లు నొక్కించాడు. పదిసార్లూ గట్టయ్య మాట గంట చప్పుడులోనే మునిగిపోయింది. ఏడోసారికి గట్టయ్య, "సార్, నన్ను జర మాట్లాడనియ్యుండ్రి," అన్నాడు. కెమెరాలు పీకేయమన్న ఆఫీసరు కూడా అప్పుడు నవ్వేశాడు. టీవీలో బొమ్మలు ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉన్నాయి.

రాంచందర్ మెమో అడిగి తీసుకుని దాని అడుగున ఒకే వాక్యం రాశాడు: హెచ్చరిక అందిన క్షణమే ఆపరేటర్ సైరన్ మోగించినట్టు రుజువైంది, ఆరోపణ ఎత్తివేయడమైనది. సంతకం పెట్టి అనసూర్యకు ఇచ్చాడు. తర్వాత కొంచెం ఆగి, "మేమే ముందుగాల జూడవలసింది. జూడలే," అన్నాడు. ఆ మాట అందరూ వినేలాగానే అన్నాడు.

జీపు దగ్గర ఓంప్రకాశ్ ఫోనులో ఎవరితోనో, "మావోళ్లే కనిపెట్టిండ్రు సార్, మావోళ్లే," అంటున్నాడు. స్తుతికి నవ్వొచ్చింది.

రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు ఉదయం తెరిపి ఇచ్చింది. మూడో నంబరు మాస్టు రేడియోలోకి నీరు దిగిందేమో చూడడానికి స్తుతి ఎక్కింది. అక్కడి నుంచి గని మొత్తం కనబడుతుంది. తూర్పు గోడ తడిసి ముదురు గోధుమ రంగుకు తిరిగింది. దాని పాదం దగ్గర షవెల్ తవ్వుతోంది. ఆరు డంపర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. పసుపు టోపీలు అక్కడక్కడా కదులుతున్నాయి.

మూత బిగిస్తుండగా గోడ నడుమ నుంచి గులకరాళ్లు నాలుగు జారాయి. ఆమె ఇంకా నోరు తెరవలేదు. సైరన్ మోగింది.

స్తుతి చెయ్యి మాస్టు ఇనుమును గట్టిగా పట్టుకుంది. లోలోపలే లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఆఖరు డంపర్ వెనక్కి కదిలింది. దాని తర్వాత ఇంకొకటి. షవెల్ ఆపరేటర్ తలుపు తీసి మెట్లు దిగుతున్నాడు. యంత్రాన్ని అక్కడే వదిలేశాడు, మంచి పని చేశాడు. ఇరవై. పసుపు టోపీలు దారి మీదకు పరుగెడుతున్నాయి. గట్టయ్య చేతులు ఊపుతూ అరుస్తున్నాడు. యాభై. ఒక డంపర్ చక్రం బురదలో తిరుగుతోంది గాని బండి కదలడం లేదు. డ్రైవర్ దూకేశాడు. మోకాళ్ల దాకా బురదలో ఈడ్చుకుంటూ పోతున్నాడు. ఇద్దరు వెనక్కి వచ్చి అతని రెక్కలు పట్టి లాగారు. ఎనభై. తొంభై. గోడ కింద ఇక ఒక్క టోపీ లేదు.

వంద. పదిహేడో తేదీన అయితే సైరన్ ఇప్పుడు మొదలయ్యేది.

నూట ఇరవై దాటాక గోడ నడుమ ఒక గీత నోరు తెరిచింది. తర్వాత అంతా ఒకేసారి కూర్చున్నట్టు దిగింది. చప్పుడు ఆలస్యంగా వచ్చింది. మాస్టు సన్నగా వణికింది. ధూళి లేవలేదు, తడిమట్టి కదా. షవెల్ నడుము దాకా, బురదలో చిక్కిన డంపర్ పైకప్పు దాకా పూడిపోయాయి.

సైరన్ ఆగింది. స్తుతి నడుముకున్న వాకీటాకీలో గట్టయ్య పేర్లు పిలవడం వినబడింది. ఒక్కొక్క పేరుకూ దూరంగా ఎవరో "ఉన్న" అంటున్నారు. ఆయాసం తీర్చుకుంటూ ఒకడు, బండబూతు కలిపి ఒకడు, దండం పెట్టుకుంటూ ఒకడు. నలభై ఒకటో పేరు బురదలోంచి లాగిన డ్రైవర్‌ది. జవాబు రాలేదు. గట్టయ్య మళ్లీ పిలిచాడు.

"ఉన్న అన్నా," అంది ఒక గొంతు. "చెప్పులు పోయినయి. నేనున్న."

"కంట్రోల్," అన్నాడు గట్టయ్య. "నలభై ఒక్కరం. అందరం ఉన్నం తల్లీ."

"రాసుకుంటున్న," అంది అనసూర్య గొంతు.

స్తుతి గబగబా దిగింది. కంట్రోల్ రూముకు దాదాపు పరుగెత్తింది. ఆమె తలుపు తీసేసరికి దారి మీద వరుసగా నిలబడ్డ ఐదు డంపర్లు ఒకదాని తర్వాత ఒకటి హారన్ కొట్టడం మొదలుపెట్టాయి. ఐదూ కలిసిపోయి ఆపకుండా మోగాయి. గోడలు దద్దరిల్లాయి. కిటికీ అవతల బురద టోపీలవాళ్లు చేతులు పైకెత్తి కేకలు వేస్తున్నారు. రాంచందర్ గడపలో నిలబడి వాళ్లను ఆపాలని కూడా అనుకోవడం లేదు.

అనసూర్య వెనక్కి తిరగలేదు. గోడలో మిగిలిన సగం ఇంకా అక్కడే ఉంది, రాడార్ దాన్ని ఇంకా కొలుస్తోంది. చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోకుండానే, ఎడమ చేత్తో పక్క కుర్చీ లాగి స్తుతి కోసం దగ్గరకు జరిపింది. కుడి చేత్తో మైకు అందుకుంది.

"ఓ డంపరోళ్లు, హారన్లు బంద్ జెయ్యిండ్రి," అంది. నవ్వూ ఏడుపూ కలిసిపోయి ఆ గొంతు బాయి అంతా వినిపించింది. "నా గంట నాకు ఇనవడాలె."

హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.